ఎడపల్లి వాళ్లు ఐర్లాండు ఇల్లు చూసిన రోజు

నిజామాబాదు వెళుతున్నానంటే మా తోటికోడలు "అక్కడేముందండీ చూడ్డానికి?" అంది. కాకినాడలో ఉండేవాళ్లకి హైదరాబాదు దాటాక తెలంగాణ అంతా ఒకటే ముద్ద. నాకూ అంతే అనుకోండి. తిరిగొచ్చి నెల దాటింది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే మాత్రం ఊరుకోలేకపోతున్నాను. ఉన్నది ఉన్నట్టు రాసి చేతిలో పెడితే తప్ప నమ్మేలా లేరు కాబట్టి రాస్తున్నాను.

నేను వెళ్లింది పని మీద. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాక దుబాసీ పనులు ఒప్పుకుంటున్నాను. ఐర్లాండులో ఒక విశ్వవిద్యాలయం తరఫున విద్యార్థులను చేర్చుకోవడానికి ఐలీన్ అనే ఆవిడ వచ్చింది. ఆవిడ చెప్పింది తల్లిదండ్రులకు తెలుగులో చెప్పాలి, వాళ్లడిగింది ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాలి. నలభై దాటిన మనిషి, ఎండకు ముఖం ఎర్రగా కందిపోయేది, అయినా కారు అద్దం దించి చూడకుండా ఉండలేకపోయేది.

దారిలో ఆవిడ తన ఉద్యోగం గురించి దాపరికం లేకుండా చెప్పింది. వాళ్ల దేశం వెన్న ఎగుమతి చేస్తుంది, మాంసం ఎగుమతి చేస్తుంది, చదువునీ అలాగే ఎగుమతి చేస్తుందట. తేడా ఒక్కటే, ఈ సరుకు కొన్నవాళ్లే విమానం ఎక్కి సరుకు దగ్గరకు రావాలి. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, చదువును ఆ వైపు నుంచి చూడడం నాకు తట్టనే లేదు.

నిజామాబాదు, కాలేజీల సంత

ఊళ్లోకి వస్తూనే పసుపు వాసన తగిలింది. మార్కెట్ యార్డుకు పసుపు బస్తాలు వచ్చే రోజులట, గాలి కూడా పచ్చగా ఉందేమో అనిపించింది. మా బస దగ్గర వీధిలో ఒకప్పుడన్నీ గల్ఫ్ వీసాల దుకాణాలేనని ఛాయ్ హోటల్ ఆయన చెప్పాడు. ఇప్పుడు సగం బోర్డుల మీద ఐర్లాండు, జర్మనీ, న్యూజిలాండు. బోర్డులు మారాయి గానీ లోపల కూర్చున్నవాళ్లు వాళ్లేనట.

విద్యా మేళా పెళ్లిళ్ల హాల్లో పెట్టారు. వధూవరులు కూర్చునే ఎర్ర సింహాసనాలను పక్కకు జరిపి, వాటి ముందే దేశానికో బల్ల వేశారు. మా వైపు ఇలాంటి చోటికి పిల్లలు స్నేహితులతో వస్తారు. ఇక్కడ ఇంటిల్లిపాదీ వచ్చింది. తలపాగాలవాళ్లు, బురఖాలవాళ్లు, చంటిబిడ్డలతో మేనత్తలు. ఒక్కొక్కరూ ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించి, మధ్యలో వీసా మాటలన్నీ ఇంగ్లీషులో తడుముకోకుండా అంటున్నారు. నేను ఎవరి కోసం వచ్చానో నాకే అర్థం కాలేదు.

ఐలీన్ బల్ల మీద పెద్ద బొమ్మ ఒకటి ఉంది. చెరువు, చెరువులో హంసలు, వెనక రాతి భవనం. "ఇదే మా క్యాంపస్" అని ఆవిడ అనగానే గోదావరి జిల్లా మనిషిని కదా, నేను ఆ చెరువుకు ఇంకో నాలుగు మాటలు కలిపి వర్ణించేదాన్ని. జనం మెడలు చాచి చూసేవారు.

మధ్యాహ్నం ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు గంగారాం, ఊరు ఎడపల్లి, కొంత చెరకు, ఎక్కువ వరి. కూతురు మానస డిగ్రీ పూర్తి చేసింది. ఈ విశ్వవిద్యాలయంలోనే ఫుడ్ టెక్నాలజీలో సీటు అప్పటికే వచ్చింది, వారం ముగిసేలోగా చేరతానో లేదో చెప్పాలి. అందరిలా ఆయన ఉద్యోగాల గురించి అడగలేదు. "ఇల్లు ఎప్పుడు సూపెడ్తరు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వాళ్లలో పిల్లనిచ్చే ముందు పెద్దలు వెళ్లి అవతలి వాళ్ల ఇల్లూ వాకిలీ చూసి వస్తారట. దాన్నే ఇల్లు చూసుడు అంటారు. మా వైపూ ఉంది గానీ కాలేజీ విషయంలో ఎవరూ అడగ్గా వినలేదు. నా ముఖం చూసి ఆయనే విప్పి చెప్పాడు.

"ఫోటో సూసి పోయిన అక్కా, దుబాయికి. ఫోటోల రూం మంచిగుండె. పోయినంక ఎరుకైంది, గా రూం ఫోటో దీసుకొనీకె ఉన్నదని. నా బిడ్డ గట్ల పోవద్దు. ఇల్లు సూడకుంట పిల్లను పంపం. సదువుకైనా గంతే."

ఇది ఇంగ్లీషులో చెబితే ఐలీన్ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అక్కడి ఆఫీసు ఉద్యోగి ఫోను పట్టుకుని హాస్టలంతా తిప్పి చూపిస్తాడని, తనే ఎడపల్లి వస్తానని మాటిచ్చింది. ఆ సాయంత్రం ఆనందంలో రోడ్డు పక్క మిరపకాయ బజ్జీ కొరికి, పావుగంట సేపు ఏ భాషలోనూ మాట్లాడలేదు. ప్లేటు ముప్ఫై రూపాయలు. బండి ఆయన జాలిపడి ఆవిడ ప్లేటుకు డబ్బులు తీసుకోలేదు.

ఎడపల్లి

మర్నాడు బయల్దేరాం. కాలువ వెంట రోడ్డు, రెండు వైపులా వరి, అక్కడక్కడ చెరకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తగ్గిందని డ్రైవరు చెప్పాడు. మధ్యలో దారి తప్పి ఒక క్యాంపులోకి వెళ్లాం. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు సాగు చేసుకున్నవాళ్ల ఊళ్లను అలా అంటారు. గుమ్మంలో ముగ్గు, అరటిచెట్టు, అచ్చం మా పెదనాన్న గారి ఇల్లు. ఇంటావిడ మజ్జిగిచ్చింది. "మీదే ఊరండీ?" అని అడిగితే "మాది ఇక్కడే కదండీ" అని కాస్త కోపంగానే అంది. మూడు తరాలయ్యాక అలా అడగకూడదని తెలుసుకున్నాను.

గంగారాం ఇంట్లో వాకిట్లోకి టీవీ తెచ్చి పెట్టారు. ఫోను బొమ్మ టీవీలో పడేలా మానస తీగలు కలుపుతోంది. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. మంచం మీద గంగారాం తల్లి నర్సవ్వ. సన్నటి మనిషి, పెద్ద గొంతు. మాకు రాగి చెంబుతో నీళ్లిప్పించి, "నీళ్లు తాగుండ్రి బిడ్డా. చక్కెర మాట కుదిరినంక" అంది. ఇల్లు చూసి మాట ఖాయమయ్యేదాకా రెండు వైపులవాళ్లూ తీపి ముట్టరట. ఖాయమయ్యాక నోట్లో చిటికెడు చక్కెర వేస్తారట. నర్సవ్వ పుట్టిల్లు మంజీర అవతల, మహారాష్ట్రలో. ఈ పట్టింపు అటు నుంచి తెచ్చుకుందట. చెరకు ఊళ్లో చక్కెర లేకుండా కూర్చున్నాం.

ఐర్లాండులో పొద్దుటి పూట అయింది. ఆఫీసు ఉద్యోగి, ఎర్ర జుట్టు అబ్బాయి, టీవీలో చెయ్యి ఊపాడు. వాకిలంతా చెయ్యి ఊపింది. తర్వాత గంట సేపు జరిగింది చూసి నాకు మతి పోయింది. నర్సవ్వ నల్లా విప్పమంది, అతను విప్పాడు. వేడినీళ్లు ఎంతసేపటికి వస్తాయో చూద్దామంది, అందరం ఆవిరి వచ్చేదాకా చూశాం. "గొళ్లెం లోపల దిక్కున్నదా?" అని తలుపు వేయించి, తీయించి, మళ్లీ వేయించింది. పక్కింటావిడ పరుపు ఎత్తి అడుగు చూపించమంది. ఎన్నో సముద్రాల అవతల ఒక దొరబిడ్డ వంగి పరుపు ఎత్తుతుంటే ఎడపల్లి ఆడవాళ్లు "ఆ, మంచిగనే ఉన్నది" అంటున్నారు. ఒక దేశం తన చదువును అమ్ముకోవడానికి ఇక్కడిదాకా వస్తే, వీళ్లు మంచం మీద కూర్చునే ఆ దేశం తలుపు తట్టారు.

చివరకు నర్సవ్వ, అక్కడ ఉంటున్న పిల్లతో మాట్లాడిస్తే చాలంది. ఉద్యోగి వంటగది తలుపు కొట్టాడు. అన్నం వార్చుకుంటున్న ఒక అమ్మాయి ఇటు తిరిగింది. పేరు అశ్విని, ఊరు దెగ్లూరు అని ఇంగ్లీషులో చెప్పింది. దెగ్లూరు బోధన్‌కు మూడు నాలుగు ఆమడల దూరం, సరిహద్దు దాటగానే. నేను తెలుగు చేసేలోపే నర్సవ్వ మంచం మీద ముందుకు జరిగి "కుఠ్‌లీ గ తూ?" అని మరాఠీ అందుకుంది. ఏ ఊరిదానివే అని. ఆ పిల్ల ముఖం విప్పారింది. ఎవరి పిల్లవి, ఏ వాడ, అమ్మ పుట్టిల్లెక్కడ, అన్నీ అయ్యాయి.

అప్పుడు అశ్విని కొంచెం గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడింది. పక్కనే ఎర్ర జుట్టు అబ్బాయి ఫోను పట్టుకుని చిరునవ్వుతో నిలబడ్డాడు. ఇక్కడ ఐలీన్ కూడా అలాగే నవ్వుతోంది. దుబాసీ పనికి డబ్బు తీసుకుని వచ్చిన నేను వాళ్లిద్దరిలాగే ఏమీ తెలియకుండా కూర్చున్నాను. వాకిట్లో సగం మందికి మాత్రం అర్థమవుతోంది. ఒక్కొక్కరే మాట్లాడ్డం మానేశారు.

ఫోను పెట్టేశాక నర్సవ్వ నా వైపు తిరిగింది.

"బిడ్డా, గీ మాట ఆమెకు ఉన్నదున్నట్టు జెప్పు. రూం మంచిగనే ఉన్నదట, గదీ టౌన్లనేనట. సదువు మాత్రం గా చెరువు కాడ గాదట. టౌన్ల దుకాండ్ల మీద రెండు క్లాసు రూములట. ల్యాబు లేదట, తెర మీద సూపెడ్తరట. చెరువు కాడికి మార్చుమని గా పిల్ల అడిగి అడిగి ఊకున్నదట. చేరకముందే అడుగుండ్రని జెప్పింది."

నేను వర్ణించిన హంసలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఉన్నదున్నట్టే చెప్పాను. మెత్తగా చెబుదామన్నా మానస ఇంగ్లీషు తెలిసిన పిల్ల, నా పెదాలే చూస్తోంది.

ఐలీన్ ముఖం ఇంకా ఎర్రబడింది. విశ్వవిద్యాలయానికి పట్నంలో ఒక శాఖ ఉందని తెలుసట, ఈ కోర్సుకు కొందరిని అక్కడికి పంపుతారనీ తెలుసట. ఇన్నేళ్లలో ఆ భవనంలో తను అడుగు పెట్టలేదట. అమ్మడానికి ఇచ్చే బొమ్మల్లో ఎప్పుడూ చెరువే ఉంటుందట. అది చెప్పి ఇక సమర్థించుకోలేదు, అందుకు ఆవిడంటే గౌరవం కలిగింది. రెండు రోజులు గడువివ్వమని మానసను అడిగింది.

మానస అప్పటిదాకా పెద్దలను మాట్లాడనిచ్చింది. చెరకు పక్కన పెరిగిన పిల్ల. ఫ్యాక్టరీ లేకపోయినా ఊళ్లోనే బెల్లం పాడవకుండా, పానకం పులియకుండా డబ్బాల్లోకి ఎక్కించే పద్ధతులు నేర్చుకుని రావాలని దాని ఆశ. "నాకు ల్యాబు గావాలె మేడం. తెర మీద సూసుడైతె ఈడ్నే సూస్త" అంది. సీటు కోసం ఏడాదిగా చదివిన పిల్ల, ఆ మాట అంటే సీటు పోవచ్చని తెలిసే అంది.

చక్కెర తీయకుండానే వచ్చేశాం.

కందకుర్తి

ఐలీన్ తన పైవాళ్లకు గట్టిగా రాసింది. జవాబు వచ్చేదాకా చేసేదేమీ లేక బోధన్ మీదుగా కందకుర్తి వెళ్లాం. మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోటు.

నేను గోదావరి నీళ్లు తాగి పెరిగినదాన్ని. గోదావరి అంటే ధవళేశ్వరం దగ్గర అవతలి ఒడ్డు కనబడని నది అనుకుంటాను. ఇక్కడ అది కాస్త చిన్నగా, ఇసుక మేటల మధ్య నెమ్మదిగా, మనుషులకు అందేలా ఉంది. ఈ నీళ్లే ఇక్కణ్నుంచి నడుచుకుంటూ మా ఇంటి దాకా వస్తాయి కదా అనుకున్నాను. చెప్పులు విడిచి నీళ్లలో దిగి చాలాసేపు నిలబడ్డాను. పట్టుచీర అంచు తడిసి పాడైంది, తడవనీ అనుకున్నాను.

అవతలి ఒడ్డు మహారాష్ట్ర. మెట్ల మీద బొరుగులు అమ్మే ఆవిడ ఒకరికి తెలుగులో, ఒకరికి మరాఠీలో, ఇంకొకరికి ఉర్దూలో ధర చెప్పింది. ఏ భాషలోనైనా ఇరవై రూపాయలే, బేరం లేదు. మన దగ్గర రెండు భాషలు వస్తే సభల్లో పరిచయం చేస్తారు. ఇక్కడ ఎవరూ దాన్ని విద్యగా లెక్కపెట్టుకోరు.

అక్కడుండగానే ఐలీన్ ఫోను మోగింది. మానస సీటు చెరువు దగ్గరి క్యాంపస్‌కే మార్చారు, కాగితం కూడా పంపారు. ఆవిడ ఇసుకలో నిలబడే నన్ను కావిలించుకుంది. వెంటనే మానసకు చెప్పాం. అది సంతోషించింది గానీ తనూ మాకో వార్త చెప్పింది. ఆ రోజు నర్సవ్వ అశ్విని నంబరు తీయించి పెట్టిందట. రేపు అశ్వినికి సెలవట. పొద్దున్నే బస్సెక్కి చెరువు క్యాంపస్‌కు పోయి తనే ఇల్లు చూపిస్తానందట. బస్సులో మూడు గంటలు. ఒక్కసారి, అదీ ఫోనులో చూసిన ముసలమ్మ కోసం.

మళ్లీ ఎడపల్లి

మర్నాడు తిరుగు దారిలో మళ్లీ అదే వాకిలి, అవే చాపలు, ఈసారి జనం ఎక్కువ. టీవీలో వాన పడుతోంది. అశ్విని ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫోను పట్టుకుని చెరువు చూపించింది. హంసలు నిజంగానే ఉన్నాయి. రాతి భవనంలోకి తీసుకెళ్లి ల్యాబు అద్దం లోంచి చూపించింది. పెద్ద పెద్ద స్టీలు పాత్రలు, గొట్టాలు, తెల్లకోట్ల పిల్లలు. మానస టీవీకి ఆనుకున్నంత దగ్గరగా నిలబడింది. అశ్విని కూడా ఆ అద్దం దగ్గర ఎంతసేపో నిలబడింది. తనూ ఆ ల్యాబును మొదటిసారి చూస్తోందని అప్పుడు తెలిసింది.

అంతా అయ్యాక నర్సవ్వ ఒకే మాట అడిగింది. "జేవలీస్ కా?" తిన్నావా అని. ఆ ఒక్క మరాఠీ మాట నాకిప్పుడు వచ్చు. అశ్విని లేదంది. తినమంది నర్సవ్వ. ఆ పిల్ల వరండాలో బెంచీ మీద కూర్చుని, ఫోను ఎదురుగా నిలబెట్టి, సంచీలోంచి డబ్బా తీసి రొట్టె తింది. అది తినడం అయ్యేదాకా ఎడపల్లి వాకిట్లో ఒక్కరూ లేవలేదు.

గంగారాం లోపలికెళ్లి గిన్నెలో చక్కెర తెచ్చాడు. నర్సవ్వ చిటికెడు తీసింది. ఐలీన్ ముందుకు వంగింది. నర్సవ్వ చెయ్యి అక్కడే ఆగింది.

"నా మన్మరాలు పోతది. గా మాట పక్కా. గాని ఇల్లు సూపెట్టిన పిల్లను గా దుకాండ్ల మీద ఇడిశిపెట్టి మనం నోరు తీపి జేస్కుంటమా? గా పిల్లను గూడ చెరువు కాడికి తెమ్మను. అప్పుడు తింటం."

గంగారాం ఇబ్బంది పడిపోయాడు. వాళ్ల కొలువు వాళ్లది, మనమెట్ల అడుగుతం అన్నాడు తల్లితో. మానస మాత్రం అవ్వ పక్కన వచ్చి కూర్చుంది. చేరవలసిన పిల్ల తన నోటి తీపి తనే ఆపుకుంది.

నేను ఇంగ్లీషు చేసి చెప్పాను. ఐలీన్, చేరిపోయిన విద్యార్థిని మార్చడం తన చేతిలో లేదని, అయినా తన పేరు మీద రాస్తానని, కాదంటే మళ్లీ రాస్తానని అంది. నర్సవ్వ తల ఊపి, చక్కెరను కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. "ఖబరొచ్చిన్నాడు ఆమె నోట్లె నువ్వెయ్యి బిడ్డా" అంది.

హైదరాబాదు

ఐలీన్‌కు ఇంకా రెండు మూడు ఊళ్లలో మేళాలున్నాయి, నేనూ వెంట వెళ్లాను. ప్రతిచోటా బల్ల మీద చెరువు బొమ్మ పక్కన ఆవిడ ఇంకో బొమ్మ పెట్టింది. ఎర్ర జుట్టు అబ్బాయి చేత తీయించి తెప్పించింది. కింద దుకాణం, పైన రెండు కిటికీలు. ఏ కోర్సు ఎక్కడో అడగమని ఆవిడే ముందు చెప్పేది. కొందరు లేచి వెళ్లిపోయేవారు. ఆవిడ వెళ్లనిచ్చేది.

ఆవిడ విమానం ఎక్కే రోజు పొద్దున హోటల్లో ఫలహారం చేస్తుంటే జవాబు వచ్చింది. కొత్త టర్ము నుంచి అశ్వినిని చెరువు క్యాంపస్‌లో చేర్చుకుంటారు. ఐలీన్ ఆ ఉత్తరం రెండుసార్లు పైకి చదివి ఫోను బల్ల మీద పెట్టేసింది. నేను సంచీలోంచి పొట్లం తీశాను. చెమ్మకు చక్కెర ముద్ద కట్టింది. చిటికెడు విరిచి ఆవిడ నోట్లో వేశాను. పక్క బల్లలవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

అక్కడే కూర్చుని ఎడపల్లికి ఫోను చేశాను. నర్సవ్వ అంతా విని, మానస నోట్లో చక్కెర వేసొచ్చి మళ్లీ ఫోను అందుకుంది.

"గా పిల్ల నోట్లె ఎవరేస్తరు మరి?"

ఆ మాట ఐలీన్‌కు చెప్పాను. ఆవిడ మిగిలిన చక్కెరను జాగ్రత్తగా మళ్లీ పొట్లం కట్టి, చేతిసంచీలో పాస్‌పోర్టు పక్కన పెట్టుకుంది.